మామగారి కంప్యూటర్

తెర మీద నీలం గీత ఎడమ నుంచి కుడికి పాకుతోంది. చూస్తున్నంతసేపూ కదిలినట్టుండదు, కళ్ళు తిప్పి మళ్ళీ చూస్తే గోడలో చెమ్మ ఎక్కినట్టు కాస్త జరిగి ఉంటుంది. ఇంకా పావు భాగం కూడా నిండలేదు. డబ్బా లోపల డిస్కు గరగరమంటోంది, అన్నంలో రాయి నమిలినట్టు, ఆ చప్పుడు వాసుకికి పళ్ళలో వినిపిస్తోంది. మౌస్ ముట్టుకోవలసిన పని అయిపోయింది, అయినా కుడిచేతిలో రుమాలు అలాగే ఉంది, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియడం లేదు. పొద్దున డెటాల్ గుడ్డతో ఆ మౌస్‌ని తుడిచింది, కీబోర్డును తుడిచింది, అక్షరాల సందుల్లో ఇరుక్కున్న విభూతిని అగ్గిపుల్లతో గీకి తీసింది, ఆ బూడిద గుడ్డకు అంటి ముద్దయింది. రోజూ స్నానం చేసి నుదుటికి విభూతి పూసుకుని, ఆ వేళ్ళతోనే వచ్చి కూర్చునేవాడు మామ. ఎండాకాలం మధ్యాహ్నం, కరెంటు పోయి వచ్చింది, ఫ్యాను తిరుగుతోంది, వెనకవీధిలో వేరుశనగ మిఠాయికి పాకం పడుతున్నారు. కోవిల్‌పట్టికి కోడలుగా వచ్చిన కొత్తలో ఆ బెల్లం వాసన వస్తే నోరూరేది. ఇప్పుడు అదే వాసన గొంతు దాకా వచ్చి ఆగిపోతోంది.

గదిలో ముగ్గురు ఆడవాళ్ళు. కంప్యూటర్ ముందు వాసుకి. మంచం అంచున అత్త మీనాక్షియమ్మాళ్, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, తెర వైపు కాక గచ్చు వైపు చూస్తూ. గుమ్మం పక్కన ప్లాస్టిక్ కుర్చీలో ఇసక్కిసెల్వి, విరుదునగర్ ఆసుపత్రిలో నర్సు, ఒకప్పుడు ఈ ఇంటి వెనక గదిలో అద్దెకున్న పిల్ల, సెలవు పెట్టి బస్సెక్కి వచ్చింది. నడవాలో వాసుకి భర్త శరవణకుమార్ అటూ ఇటూ నడుస్తున్నాడు, చెప్పుల చప్పుడు గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోతోంది, లోపలికి మాత్రం రాడు. సీడీ పెట్టి, మొత్తం డిస్కు మీద సున్నాలు రాసేయాలా అని తెర అడిగినప్పుడు వాసుకి లేచి పక్కకు జరిగింది. ఇసక్కిసెల్వి వచ్చి నిలబడి, ఏది నొక్కాలి అని అడిగి, చూపుడువేలితో కాదు, బొటనవేలితో నొక్కింది, పురుగును నలిపినట్టు.

చెరిపేయడం అంటే ఏమిటో వాసుకి రోజూ పాఠం చెబుతుంది. విరుదునగర్‌లో కంప్యూటర్ సెంటర్, పొద్దున్నే బస్సు, కిటికీ పక్క సీటు, సాత్తూరులో టీ కోసం ఆగడం, మళ్ళీ సాయంత్రం అదే దారి. డిలీట్ కొడితే పోయేది పేరు మాత్రమే, అని చెబుతుంది ఆడపిల్లలకు, గది తలుపు మీద పేరు తీసేసినంత మాత్రాన గదిలో ఉన్నవాడు ఎక్కడికి పోతాడు, ఆ చోట వేరేది వచ్చి కూర్చునేదాకా పాతది అక్కడే ఉంటుంది. పిల్లలు నవ్వి రాసుకుంటారు. మామకు ఈ పాఠం చెప్పలేదు. మిగతావన్నీ చెప్పింది. కంప్యూటర్ కొన్న ఏడాది ఇదే కుర్చీలో ఆయన్ని కూర్చోబెట్టి, ఆయన చేతి మీద చెయ్యి పెట్టి మౌస్ తిప్పించింది, ఇట్ల మామా, మెల్లగా, రెండుసార్లు నొక్కండి. సహకార సంఘంలో ఆఫీసరుగా రిటైరైన చిన్నసామి, నాగలాపురంలో చోళ్ళూ పత్తీ పండే మెట్టపొలం ఉన్న ఇంటివాడు, ఊళ్ళో పంచాయితీ పెడితే ఈయన మాట కోసం ఆగేవాళ్ళు, ఆయన చెయ్యి వణికేది, బాణం గుర్తు తెర అంతా పరుగెత్తేది, చిన్నపిల్లాడిలా నవ్వేవాడు. కెమెరాలోంచి ఫోటోలు ఎట్ల తీసేదిమా అని అడిగాడు. చూపించింది. వాటికి వేరుగా ఒక సంచి పెట్టేదానికి అయితాదా అని అడిగాడు. అదీ చూపించింది. పేరు ఏం పెట్టమంటారు మామా అంటే, దేవుడు అని పెట్టుమా అన్నాడు. ఆ చేతి వెచ్చదనం ఇప్పుడు అరచేతిలో ఉంది, రుమాలు ఎంత నలిపినా పోవడం లేదు, సబ్బు పెట్టి కడుక్కుంటే సబ్బు వాసనకే ఒళ్ళు జలదరిస్తుంది.

సబ్బు. ఆ ఫోటోల్లో సబ్బుపెట్టె కనిపించింది, ఆకుపచ్చది, మూత విరిగినది. మొదట దాన్నే గుర్తుపట్టింది. కర్మలు అయిపోయి బంధువులు వెళ్ళిపోయాక, సాత్తూరులో ఉన్న ఆడపడుచు కర్పగం ఫోను చేసి ఏడ్చింది, వదినా, నాయన తిరుచ్చులి గుడికి పోయినప్పుడు తీసిన ఫోటోలు కావాల, ఆ కంప్యూటరే నాకు ఇచ్చెయ్యండి, నాయన గుర్తుగా పెట్టుకుంటాను అని. ఫోటోలు లేవు. దేవుడు అన్న సంచి ఖాళీ. ఆసుపత్రికి తీసుకుపోయే ముందు వారమంతా మామ లేవలేక లేచి, గోడ పట్టుకుని వచ్చి కంప్యూటర్ ముందు కూర్చునేవాడు, ఆఖరి రోజుల్లో దేవుడి బొమ్మలు చూసుకుంటున్నాడని అత్త అందరికీ చెప్పింది, తనూ నమ్మింది. పాపం తెలియక చెరిపేసుకున్నట్టున్నాడు అనుకుని, సెంటర్ నుంచి పోయిన ఫైళ్ళు వెతికి తీసే సీడీ తెచ్చి పెట్టింది. గుడి గోపురం వచ్చింది. కర్పగం తల్లి పక్కన నిలబడి నవ్వుతున్నది వచ్చింది. తరువాత ఆ సబ్బుపెట్టె వచ్చింది. తడి గోడ వచ్చింది. వంగి ఉన్న వీపు వచ్చింది. కిటికీ కమ్మీ నీడ అడ్డంగా పడి ఉంది ప్రతి దానిలోనూ, మాడి మీద, డాబా పైన, నీళ్ళట్యాంకు మెట్లెక్కి, వెనక స్నానాలగది వెంటిలేటర్‌లోంచి తీసినవి. ఒకదాని తరువాత ఒకటి, పేర్లు పోయి అంకెలతో, మురుగుకాలువ మూత తీస్తే బొద్దింకలు వచ్చినట్టు, ఆపమంటే ఆగకుండా.

వెనక గదిలో అద్దెకున్న ఆడవాళ్ళు. ఒక టీచరు, పెళ్ళయి కోయంబత్తూరు పోయింది, పోతూ పోతూ మామ కాళ్ళకు దణ్ణం పెట్టి వెళ్ళింది. తరువాత ఇసక్కిసెల్వి. ఆ మధ్యలో, ఎవరూ అద్దెకు లేని నెలలో, లోపలి స్నానాలగదికి టైల్స్ వేయిస్తుంటే ఇంట్లోవాళ్ళు కూడా వెనకకే పోయేవాళ్ళు. ఆ నెలలోనే దీపావళి, ఆ నాడు తలంటుకుని, జుట్టుకు తువ్వాలు చుట్టుకున్నది తనే. తన మెడ మీద పుట్టుమచ్చ కూడా స్పష్టంగా ఉంది. ఆ రోజు స్నానం నుంచి వచ్చాక మామ కాళ్ళకు మొక్కితే, మూరెడు మల్లెపూలు చేతిలో పెట్టి, చల్లగుండు తల్లీ అన్నాడు. తల్లీ అన్నాడు. ఆ మాట గుర్తొస్తే నాలుక కింద ఉప్పు నీళ్ళు ఊరుతాయి. భర్తను పిలిచి చూపించే ముందు తనవి పక్కకు తీసి దాచింది, ఎందుకు దాచిందో ఇప్పటికీ అర్థం కాదు, సిగ్గా, ఆయన మీద జాలా, లేక ఆయన మొహంలో ఏం కనిపిస్తుందోనన్న భయమా. శరవణకుమార్ రెండు చూసి, మూడోది సగంలో లేచి తొట్టి దగ్గరికి పోయి కక్కుకున్నాడు. ఆమెకు ఆయన మీద ఎంతో ప్రేమ కలిగింది ఆ క్షణం, వీపు రాస్తూ నిలబడింది. నోరు పుక్కిలించి, మొహం తుడుచుకుని, ఆయన అన్న మొదటి మాట, "కర్పగానికి తెలియకుండ చూసుకో వాసుకి. నీకే కద ఇదంతా తెలుసు. ఆనవాలు లేకుండ అళించేసి ఇచ్చెయ్, నాయన పేరు పోకూడదు." వీపు మీద ఉన్న చెయ్యి ఆమె తీసేసింది. అంతే, అక్కడితో ఆ ప్రేమ ఆగిపోయింది, దానికి కారణం ఆయనకు ఈ రోజుకీ తెలియదు.

చెరిపేస్తే మామ పేరు బతుకుతుంది. చెరపకపోతే ఆ ఆడవాళ్ళ ఒళ్ళు ఈ డబ్బాలో ఉంటుంది, కర్పగం ఇంటికి పోతుంది, రేపు ఎవడో పాతసామాన్ల వాడికి పోతుంది. ఎటు చూసినా గెలిచేది ఆయనే. చాలా రోజులు బస్సులో కూర్చుని అదే ఆలోచన, కిటికీ బయట నల్లరేగడి, తుమ్మచెట్లు, అగ్గిపెట్టెల కంపెనీ బస్సుల్లోంచి దిగే ఆడవాళ్ళు, వాళ్ళలో ఒకావిడ ఇసక్కిసెల్వి అమ్మ అయి ఉండవచ్చు, ఆ పిల్లది సాత్తూరే, అగ్గిపెట్టెల పని చేసుకునే ఇల్లు, మన తెలుగు ఇల్లు అని ఆమె తండ్రి మునియప్పన్ ధైర్యంగా ఇక్కడ అద్దెకు పెట్టాడు. ఒక సాయంత్రం వాసుకి విరుదునగర్ నుంచి వచ్చేసరికి వెనక గదికి తాళం. ఏమైందత్తా అంటే, "నడవడి సరిలేదుమా, పంపించేస్తి" అంది అత్త, చాటలో బియ్యం చెరుగుతూ, తల ఎత్తకుండా. ఇప్పుడు ఆ చాట, ఆ తల ఎత్తకపోవడం, ఒక్కొక్కటీ తిరిగి వచ్చి కూర్చుంటున్నాయి, మనసులో కూడా పేరు తీసేసినవి అక్కడే ఉంటాయి కాబోలు.

ఆసుపత్రి క్యాంటీన్‌లో, మధ్యాహ్నం డ్యూటీ మారే వేళ, వాసుకి విషయం చెప్పేసరికి ఇసక్కిసెల్వి ఏడవలేదు. చేతిలో ఉన్న వడను పళ్ళెంలో పెట్టి, వేళ్ళు కాగితానికి తుడుచుకుంటూ ఉండిపోయింది, నూనె పోయాక కూడా తుడుస్తూనే.

"పైన వెలుగు కదిలితే చూస్తినక్కా," అంది. "తువ్వాలు చుట్టుకుని బయటికి వచ్చి మెట్ల కింద నిలబడితి. ఆయన దిగి వచ్చె, చేతిలో కెమెరా. ట్యాంకులో నీళ్ళు చూస్తా ఉండానుమా అనె. నేను మీ అత్తకు చెప్తి. ఆయమ్మ నా పెట్టె ఎత్తి వీదిలో వేసె. అందరూ వినేటట్ల చెప్పె, మొగోణ్ణి మరిగిన పిల్ల, ముసిలాయన మీద నింద వేస్తా ఉంది అని. మా నాయన వచ్చి నా చెంప మీద కొట్టి పిల్చకపోయె. ఇంటికి పోయినంక ఆయన అన్నం తినలే, నేను తినలే."

పోలీసులకు చెప్దామా అని వాసుకి అడిగింది. చెప్తే ఫోటోలు వాళ్ళ దగ్గరికీ పోవాలి కదా, అంది ఇసక్కిసెల్వి, ఇంకా ఎంతమంది చూడాల. చచ్చినోణ్ణి ఏం చేస్తారు, నా పేరే మళ్ళ తిరుగుతాది. కాగితాన్ని ఉండచుట్టి, "అది లేకుండ పోవాల. నా చేత్తో పోవాల. ఆయమ్మ చూస్తా కూర్చోవాల" అంది. దీనికి శరవణకుమార్ ఒప్పుకోలేదు. ఒప్పుకోకపోతే కర్పగానికి నేనే చూపిస్తాను అని వాసుకి అంది, మెల్లగానే అంది, పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన్ని బెదిరించడం అదే మొదలు, నోట్లో ఇనుము నాకినట్టయింది.

గీత సగం దాటింది. అత్త ఎప్పుడు లేచి పోయిందో, కాఫీ తెచ్చింది. వాసుకికి స్టీలు లోటాలో, ఇసక్కిసెల్వికి గాజు గ్లాసులో. ఆ గాజు గ్లాసు అప్పట్లోనూ ఆ పిల్లదే, వెనక గూట్లో బోర్లించి ఉండేది, వేరే గిన్నెలతో కలిపి కడగరు. ఇన్నాళ్ళూ దాన్ని పారేయలేదు. ఇసక్కిసెల్వి గ్లాసును చూసింది, తీసుకోలేదు, అత్త దాన్ని కుర్చీ పక్కన గచ్చు మీద పెట్టింది. కాఫీ మీద మీగడ కట్టి, ఫ్యాను గాలికి ముడుతలు పడుతోంది. మామ కూడా మీగడ కట్టిన కాఫీనే తాగేవాడు, పైపెదవికి అంటిన తెల్లదాన్ని నాలుకతో తీసుకునేవాడు. వాసుకి లోటాను కింద పెట్టేసింది. ఆయన నాకి వదిలిన ఇల్లు ఇది, తలుపు గడియ, ఊయల గొలుసు, ఇడ్లీపాత్ర మూత, దేన్ని ముట్టుకున్నా ఆయన చెయ్యి పడ్డదే, దేని మీద సున్నాలు రాయాలి.

"అక్కా, వేరే యాడన్నా ఉంటాదా?" ఇసక్కిసెల్వి అడిగింది.

"సీడీలు ఉండె, ముక్కలు చేస్తి. కెమెరా కార్డు కత్తెర పెట్టి కోస్తి. ఇంట్లో నెట్టు లేదు." అక్కడితో ఆపేయవచ్చు. కానీ ఈ పిల్లకు అబద్ధం చెప్పాలనిపించలేదు. "ఎవురికన్నా చేత్తో ఇచ్చెనేమో, అది మాత్రం నాకు తెలీదు."

ఇసక్కిసెల్వి తలూపింది. రోగులకు ఇలాంటి మాటలు చెప్పి చెప్పి అలవాటైన మనిషి, వినడమూ అలాగే విన్నది. తరువాత వాసుకి మొహంలోకి చూసి, గొంతు తగ్గించకుండా అడిగింది.

"మీదీ ఉందా అక్కా?"

నడవాలో చెప్పుల చప్పుడు ఆగిపోయింది. లేదు అనడానికి నోరు సిద్ధంగానే ఉంది. ఇన్ని రోజులుగా ఆ మాటను నోట్లోనే నానబెట్టుకుంది, బస్సులో, క్లాసులో, భర్త పక్కన పడుకుని. పక్కకు తీసి దాచినవి కూడా ఈ నీలం గీత కిందే పోతున్నాయి, మాట్లాడకపోతే ఎవరికీ ఎప్పటికీ తెలియదు, అప్పుడు తనూ అత్తలాగే బియ్యం చెరుగుతూ కూర్చోవచ్చు.

"ఉంది," అంది వాసుకి.

శరవణకుమార్ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. ఆయన మొహం వాసుకి చూడలేదు. అత్త తల ఎత్తింది. ముసలామె కళ్ళు ఎండిపోయి ఉన్నాయి, పెదవులు కదులుతున్నాయి, ఏదో లెక్క తప్పినట్టు, ఈ ఒక్కటి తన లెక్కలో లేనట్టు.

"నువ్వు గూడనా," అంది. "దీపావళికా. అది నాకు తెలీదుమా. దేవుని మీద ఒట్టు, అది తెలీదు."

అది తెలీదు అంటే మిగతాది తెలుసు. వాసుకి ఆ మాటను పట్టుకుని వెనక్కి నడిచింది. ఇసక్కిసెల్వి వెళ్ళిపోయిన వారంలోనే వెనక స్నానాలగది వెంటిలేటర్ మూసేసి ఉండడం చూసింది, పచ్చి సిమెంటు, బల్లులు వస్తా ఉన్నాయిమా అంది అత్త.

"ఆ సిమెంటు," అంది వాసుకి.

"నేనే సిమెంటు పని చేసే కొత్తనారును పిలిచి పూయిస్తి," అంది మీనాక్షియమ్మాళ్. గొంతులో ఏడుపు లేదు. "ఆయన్ని ఏం అడిగేదానికి అయితాది. కర్పగానికి అప్పుడే సంబందం కుదిరి ఉండె. ఓట్ట మూసేస్తి, సరిపాయె అనుకుంటి. ఒకే పళ్ళెంలో అన్నం పెడితి, ఆయన పక్క దులిపితి, చచ్చినంక ఒళ్ళు కడిగితి. కడిగేటప్పుడు అసింకంగా, రోతగా ఉండె నాకు. ఎవురితో చెప్పేది." ఇంత మాట్లాడి, తనే విన్నట్టుగా ఆగిపోయింది. వాసుకికి జాలి రావలసిన చోట అది రాలేదు. కన్నం మూసి కెమెరాను ఇంట్లో పెట్టుకున్న మనిషి, నిజం చెప్పిన పిల్లను వీధిలోకి విసిరిన చెయ్యి, ఆ చేత్తోనే ఈ కాఫీ.

గీత చివరిదాకా పోయింది. అయిపోయింది అని తెర మీద ఇంగ్లీషులో రెండు మాటలు వచ్చాయి. వాసుకి సీడీ తీసి కంప్యూటర్‌ను ఆపి మళ్ళీ వేసింది, నల్లటి తెర, మూలన తెల్లగీత ఒకటి ఆరుతూ వెలుగుతూ, లోపల ఏమీ లేదని దాని భాషలో చెప్పింది. గుడి గోపురం పోయింది, తల్లి పక్కన నవ్విన కర్పగం పోయింది. ఆ రెండూ మాత్రం వేరుగా తీసి ఉంచగలిగేది, ఉంచలేదు. కుర్చీలో వెనక్కి వాలింది. తేలికగా ఉంటుందనుకుంది. కడుపు ఖాళీ చేసుకున్నాక నోట్లో మిగిలే పులుపులాంటిది మిగిలింది.

ఇసక్కిసెల్వి లేచింది. పోతుందనుకున్నారు. అత్త ముందు వచ్చి నిలబడింది.

"నన్ను వీదిలో అంటివి అమ్మా. గదిలో కాదు. ఇప్పుడు నాకు చెప్పిందాన్ని వీదిలో చెప్పు."

"పోనీలేమా, ఆయనే పోయినంక ఎందుకు," అన్నాడు శరవణకుమార్ గుమ్మంలోంచి. ఎవరితో అన్నాడో తెలియదు. ఇసక్కిసెల్వి ఆయన వైపు తిరగనైనా తిరగలేదు. మీనాక్షియమ్మాళ్ మంచం పట్టీ పట్టుకుని లేచింది, పైట సర్దుకుంది, కొడుకును దాటుకుని నడవాలోంచి వీధి గుమ్మం మెట్ల మీదికి పోయింది. ఎదురింటి అరుగు మీద వేలమ్మాళ్ మునక్కాయలు కోస్తోంది, ఆమె పక్కన ఇంకా ఒకరిద్దరు ఆడవాళ్ళు, నీళ్ళ లారీ కోసం వరసగా బిందెలు. అందరూ తలెత్తారు. అత్త తెలుగులో మొదలుపెట్టి, వీధికి అర్థం కావాలని అరవానికి మారింది. ఆ నర్సు పిల్ల చెప్పింది నిజం, నేను అబద్ధం చెప్తిని, తప్పు మా ఇంటాయనది. అంతే. ఒకే గొంతుతో, రేషను కొట్లో కార్డు నంబరు చెప్పినట్టు. చెప్పి అక్కడే నిలబడింది, ఎవరైనా ఉమ్ముతారేమో అని కాచుకున్నట్టు.

వేలమ్మాళ్ కత్తిపీట మీదినుంచి కాలు తీసింది. ఈ ఇంటివాళ్ళతో మాట్లాడేటప్పుడు ఆమెదీ తెలుగే.

"తెలుసే అక్కా," అంది నెమ్మదిగా, ఓదార్పుగా. "ఆయన మెట్లెక్కేది మా మాడి మీదికి కనపడతా ఉండె. మేమంతా మా పిల్లల్ని ఆ పక్కకు పంపకుంటిమి. ఇప్పుడెందుకు ఆ మాట. లోపలికి పో, ఎండగా ఉంది."

చెప్పులు వేసుకోవడానికి వంగిన ఇసక్కిసెల్వి చెయ్యి చెప్పు పట్టీ మీద ఆగిపోయింది. ఎంత సేపు అలా వంగి ఉందో, నిటారుగా లేచేసరికి మొహం వేరే మనిషిదిలా ఉంది, గదిలో బొటనవేలితో నొక్కిన ధైర్యం ఇప్పుడు లేదు. ఒక ముసలామె అబద్ధం చెప్పింది అనుకుని ఇన్నేళ్ళు బతికింది. వీధి వీధంతా నిజం తెలిసి, ఆ రోజు అరుగుల మీద కూర్చుని, పెట్టె పడడం, బట్టలు చెదరడం, తండ్రి కొట్టడం చూసింది. వాసుకి ఆ అరుగులను చూసింది, కడిగి ముగ్గు వేసి పెట్టుకున్న గుమ్మాలు, పండగకు ఒకరింటి నుంచి ఒకరింటికి పోయే పళ్ళేలు, పెళ్ళి కూతురిగా దిగిన రోజు హారతి ఇచ్చిన వేలమ్మాళ్, దీపావళి నాడు తలంటుకుని వెనక నుంచి వస్తుంటే మాడి మీదినుంచి నవ్వి చెయ్యూపిన వేలమ్మాళ్. ఒళ్ళంతా గరుకు గుడ్డతో రుద్దినట్టు మండింది.

"అక్కా," అంది ఇసక్కిసెల్వి, "బస్ స్టాండు దాకా వస్తారా. ఈ వీదిలో నేనొక్కదాన్నే నడిచేదానికి కాదు."

వాసుకి చెప్పులు వేసుకుంది. యాడికి, అన్నాడు శరవణకుమార్. ఆమె అత్త భుజానికి తగలకుండా ఒదిగి మెట్లు దిగింది. నీడ ఉన్నది అరుగుల పక్కనే, అందుకని ఇద్దరూ ఎండలో, వీధి నడిమధ్య నడిచారు. ఇసక్కిసెల్వి చెయ్యి చెమటతో జిగటగా ఉంది, వాసుకిది ఇంకా డెటాల్ కంపు కొడుతోంది, పట్టుకునే ఉన్నారు. ఒక్కో గుమ్మం వచ్చినప్పుడల్లా వాసుకి ఆగి, అక్కడ కూర్చున్న వాళ్ళ కళ్ళలోకి చూసింది, వాళ్ళు బిందెల వైపో మునక్కాయల వైపో తిరిగేదాకా చూసి, అప్పుడు పక్క గుమ్మానికి జరిగింది.